19 నెలల పిల్లాడు కనపడిందల్లా ఎక్కేస్తున్నాడు, దించడమే నా ఉద్యోగం అయిపోయింది

బుడ్డోడి అమ్మ (మియాపూర్), సోమవారం రాత్రి 11:20

అందరికీ నమస్తే. మా బాబుకి 19 నెలలు. పదకొండో నెలలో నడిచాడు. ఎక్కడం ఎప్పుడు నేర్చుకున్నాడో మాకే తెలీదు. రెండు నెలల కిందట సోఫా. తర్వాత సోఫా చేతి మీంచి కిటికీ గట్టు. పోయిన వారం నుంచి డైనింగ్ టేబుల్.

ఇవాళ పొద్దున ఉప్మాకి ఉల్లిపాయలు తరుగుతున్నా. హాల్లో ప్లాస్టిక్ స్టూలు ఈడుస్తున్న చప్పుడు వచ్చింది, ఆగింది. మా ఇంట్లో చప్పుడు వస్తే భయం లేదు, ఆగితేనే టెన్షన్. పరిగెత్తి చూస్తే టీవీ కింద సొరుగులు ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ లాగి మెట్లలా చేసుకున్నాడు. పైన కూర్చుని సెట్‌టాప్ బాక్స్ నాకుతున్నాడు. నన్ను చూసి చప్పట్లు కొట్టాడు కూడా.

మాది నాలుగో అంతస్తులో రెండు బెడ్‌రూముల అద్దె ఫ్లాట్. నాకు ఇంటి నుంచే పని. మా అత్తయ్యగారు ఉన్నారు కానీ ఆవిడకి మోకాళ్ల నొప్పులు, వాడి వెనక పరిగెత్తలేరు. రోజుకి యాభైసార్లు దించుతున్నా, అతిశయోక్తి కాదు. అరిస్తే నవ్వుతాడు. ఇది ఎన్నాళ్లు ఉంటుంది? మీరంతా ఏం చేశారు?

తెనాలి కోడలు, సోమవారం రాత్రి 11:41

మా ఇంట్లోనూ ఒక అభిమన్యుడు ఉన్నాడండీ. పద్మవ్యూహంలోకి వెళ్లడం వచ్చు, బయటికి రావడం రాదు. పైకెక్కి అక్కడి నుంచి "మ్మా... మ్మా" అని పిలుస్తాడు.

మాది పెద్ద కుటుంబం, ఇంట్లో పద్నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. ఎనిమిది నెలలపాటు అన్నిటినీ నేల మీద పక్కకి పడుకోబెట్టి ఉంచాం. ఎవరైనా వస్తే ఒక కుర్చీ లేపి ఇవ్వడం, వాళ్లు వెళ్లగానే మళ్లీ పడుకోబెట్టడం. పెళ్లి పిలుపులకి వచ్చినవాళ్లు మేమేదో ఇల్లు ఖాళీ చేస్తున్నాం అనుకునేవాళ్లు. కానీ పని చేసింది. పడుకున్న కుర్చీని వాడు లేపలేడు.

ఎన్నాళ్లు అంటారా? మా వాడికి రెండున్నర దాటాక తగ్గింది. ఎక్కడం తగ్గలేదు, ఎక్కడైనా సరే ఎక్కడం తగ్గింది.

అమ్మమ్మ 62, మంగళవారం ఉదయం 6:05

తల్లీ, యశోదమ్మ అంతటిదే పట్టలేక రోలుకి కట్టేసింది. ఏమైంది? రోలుతో సహా ఈడ్చుకుపోయి మద్దిచెట్లు కూల్చాడు. మనమెంత.

మా కాలంలో మాత్రం పని ఉన్నంతసేపు పాత చీరతో నడుముకి కట్టి మంచం కోడుకి ముడేసేవాళ్లం. మా పెద్దవాడు అలాగే పెరిగాడు.

రాత్రి డ్యూటీ (క్యాజువాల్టీ నర్సుని), మంగళవారం ఉదయం 8:30

అమ్మమ్మగారూ, పెద్దవారు, తప్పుగా అనుకోకండి. చీరతో, తాడుతో కట్టడం మాత్రం ఎవరూ చెయ్యొద్దు. పిల్లాడు గిరగిరా తిరిగితే అది మెడకి చుట్టుకుంటుంది.

బుడ్డోడి అమ్మగారూ, ముందు ఒక ప్రశ్న. మీ బాల్కనీలో ఏమేం ఉన్నాయి?

అమ్మమ్మ 62, మంగళవారం ఉదయం 8:52

అదీ నిజమేనమ్మా. అప్పట్లో తెలీక చేశాం.

బుడ్డోడి అమ్మ, మంగళవారం ఉదయం 9:10

వాషింగ్ మెషిన్, తులసి కుండీ, పాత పేపర్ల కట్ట, ఒక ఖాళీ గ్యాస్ బండ. రెయిలింగ్ నా ఛాతీ దాకా వస్తుంది. పావురాల కోసం వల కూడా కట్టించాం, అందుకని అటు భయం లేదనుకున్నా.

రాత్రి డ్యూటీ, మంగళవారం మధ్యాహ్నం 1:15

భయం అక్కడే ఉందండీ. సొరుగుల సంగతి తర్వాత, ఈ రోజే బాల్కనీ చూడండి.

రెయిలింగ్ నాలుగు అడుగులు ఉందనుకోండి. పక్కన మూడు అడుగుల వాషింగ్ మెషిన్ ఉంటే వాడికి మిగిలింది అడుగే. ఆ మెషిన్ ఎక్కడానికి గ్యాస్ బండ ఒక మెట్టు, పేపర్ల కట్ట ఒక మెట్టు. మెట్లు మనమే పేర్చి పెట్టి, ఎక్కాడని వాడిని తిడతాం. పావురాల వల పావురాన్ని ఆపడానికే, పిల్లాడి బరువుకి కట్టింది కాదు. కిటికీకి ఉండే దోమల మెష్ కూడా అంతే, చెయ్యి ఆనిస్తే ఫ్రేముతో సహా ఊడొస్తుంది.

మెషిన్ కదపలేకపోతే బాల్కనీ తలుపుకి పైన, మీ చెయ్యి మాత్రమే అందే ఎత్తులో గడియ పెట్టించండి. కింద ఉన్న గడియ రెండేళ్లకే తీసేస్తారు. రెయిలింగ్ కమ్మీలు అడ్డంగా ఉంటే అది నిచ్చెనే. నిలువుగా ఉన్నా మధ్య సందు 4 అంగుళాలకి మించకూడదు. సొంత ఇళ్లవాళ్లు మేడ మెట్లు, సంపు మూత కూడా చూసుకోండి. బాత్‌రూములో నీళ్ల బకెట్ నింపి వదిలెయ్యకండి. అంచు పట్టుకుని తలకిందులుగా పడితే పిల్లలు పైకి లేవలేరు, అరవలేరు.

నేను పనిచేసే చోట చూసినవి ఇక్కడ రాయను.

ఫ్రిస్కో నాన్న (టెక్సస్), మంగళవారం రాత్రి 9:50

నర్స్ గారి తర్వాత నా వంతు సొరుగులు. బుడ్డోడి అమ్మగారూ, మీరు నవ్వుతూ రాశారు కానీ ఆ టీవీ బల్ల కథ చదివి నాకు చెమట పట్టింది.

సొరుగులన్నీ మూసి ఉన్నప్పుడు బీరువా నిలబడుతుంది. రెండు మూడు బయటికి లాగితే బరువంతా ముందుకొస్తుంది. దాని మీద పదకొండు కిలోల పిల్లాడు కాలు పెడితే మొత్తం వాడి మీదకే ఒరుగుతుంది. 2016లో ఐకియా ఒక్క అమెరికాలోనే దాదాపు 2 కోట్ల 90 లక్షల సొరుగుల బీరువాలు వెనక్కి పిలిచింది. అవి మీద పడి పిల్లలు చనిపోయాకే. 2022 డిసెంబర్‌లో దీనికోసం ఇక్కడ ఏకంగా చట్టమే చేశారు. 2023 సెప్టెంబర్ నుంచి తయారయ్యే బట్టల బీరువాలు, 60 పౌండ్ల వరకు, అంటే 27 కిలోల దాకా బరువుండే పిల్లలు ఎక్కినా ఒరగకుండా పరీక్షకి నిలబడాలి. అంతకు ముందు కొన్నవి అలాగే ఇళ్లలో ఉన్నాయి.

చేయాల్సింది ఒకటే, గోడకి బిగించడం. ఇక్కడ చెక్క గోడలు కాబట్టి లోపలి దుంగ ఎక్కడుందో వెతికి దానికే మర కొట్టాలి. అక్కడ ఎలాగో తెలిసినవాళ్లు చెప్పండి. మా ఇంట్లో పాప పుట్టిన ఏడాదికి గానీ నేను ఆ పని చెయ్యలేదు. బిగించే కిట్ బీరువాతోపాటు డబ్బాలోనే వచ్చింది, డబ్బా గరాజ్‌లోనే ఉంది.

బుడ్డోడి అమ్మ, మంగళవారం రాత్రి 10:30

వాషింగ్ మెషిన్ కదలదు, పైపు అక్కడే ఉంది. బండ, పేపర్లు, కుండీ తీసేశాను. గడియ రేపు.

గోడకి బిగించడం అంటే మా ఓనర్ మేకు కొడితేనే ఫోన్ చేస్తారు. పైగా మా పెళ్లినాటి ఇనప బీరువా ఒకటుంది. దాన్నీ బిగించాలా? అది ఏనుగంత బరువు కదా.

కరీంనగర్ తమ్ముడు (మాది ఫర్నిచర్ షాపు), బుధవారం ఉదయం 10:05

అక్కా, నేను చెప్తా. బరువుంది కదా అని ఇనప బీరువాని నమ్మకు. ఒకసారి వంగి కాళ్ల కింద చూడు. నేల ఎగుడుదిగుడుగా ఉందని చాలామంది వెనక కాళ్ల కింద చెక్కముక్కలు పెడతారు. అంటే బీరువా ముందుకు వాలి ఉన్నట్టే. తలుపులు రెండూ తెరిచి పిల్లాడు కింది అరలో నిలబడి పై అర పట్టుకు గుంజితే ఇక చెప్పేదేముంది. చెక్కముక్క పెట్టాల్సింది ముందు కాళ్ల కింద. తాళంచెవి బీరువాకే వేలాడదీయకు, వాడికి తలుపు తెరవడం నేర్పేది అదే.

గోడకు కొట్టడం పెద్ద పని కాదు. డ్రిల్లింగ్ మిషన్, ప్లగ్గులు, మరలు, రెండు ఎల్ క్లాంపులు. ఇటుక గోడ అయితే మామూలు ప్లగ్గు చాలు. కొత్త అపార్ట్‌మెంట్లలో తెల్లటి తేలిక బ్లాకులతో కడుతున్నరు, అందులో మామూలు ప్లగ్గు లూజై ఊడొస్తది. దానికి వేరే పొడుగు ప్లగ్గులుంటాయి, హార్డ్‌వేర్ షాపులో బ్లాకు గోడకు అని అడుగు. టీవీని ఎట్లాగూ గోడకే ఎక్కించెయ్.

ఓనర్ సంగతి: ఖాళీ చేసేటప్పుడు పుట్టీ పెట్టి రంగు కొడితే రెండు రంధ్రాలు ఎవరికీ కనపడవు. ముందే ఫోన్ చేసి "పిల్లాడి మీద బీరువా పడకుండా" అని చెప్పు. ఎవ్వరూ కాదనరు.

ముక్కుసూటి మనిషి, బుధవారం మధ్యాహ్నం 12:40

ఇంత హడావుడి దేనికండీ. కాలి మీద ఒకటి తగిలిస్తే రెండోసారి ఎక్కడు. మమ్మల్ని అలాగే పెంచారు.

తెనాలి కోడలు, బుధవారం మధ్యాహ్నం 12:58

మీరు రెండోసారి ఎక్కలేదా నిజంగా? మీ అమ్మగారిని అడిగి చెప్పండి.

వైజాగ్ ఫిజియో (పిల్లలతోనే పని), బుధవారం సాయంత్రం 7:20

ఆలస్యంగా వచ్చాను. ముక్కుసూటి గారూ, 19 నెలల పిల్లాడికి దెబ్బ గుర్తుంటుంది, కానీ దాన్ని టేబుల్‌తో ముడిపెట్టుకోడు. కొట్టిన మనిషితో ముడిపెట్టుకుంటాడు. తర్వాత జరిగేది ఏమిటంటే, మీరు చూడనప్పుడు ఎక్కుతాడు. చూస్తున్నప్పుడు ఎక్కేవాడే మనకి నయం.

ఈ వయసులో ఎక్కడం అల్లరి కాదు. భుజాలు, నడుము, తుంటి, చేతి పట్టు అన్నీ ఒకేసారి బలపడుతున్నాయి. తన ఒళ్లు ఎంత బరువు, కాలు ఎంత దూరం వేస్తే అందుతుంది అనేది ఎక్కితేనే తెలుస్తుంది. మీరు దించిన యాభైసార్లూ వాడికి సగం పాఠమే అందింది. ఎక్కడం వాడు చేశాడు, దిగడం మీరు చేశారు. తెనాలి గారి అభిమన్యుడు తయారయ్యేది అలాగే.

దిగడం నేర్పండి. మంచం దగ్గర మొదలుపెట్టండి. మంచం మధ్యలో బోర్లా పడుకోబెట్టి, కాళ్లు అంచు వైపు తిప్పి, తుంటి మీద చెయ్యి వేసి మెల్లగా వెనక్కి జరపండి. పాదం నేలకి తగిలేదాకా ఎత్తుకోకండి, ఆ తగలడమే వాడికి తెలియాల్సింది. ప్రతిసారీ ఒకే మాట అనండి. మా సెంటర్లో "బొజ్జ మీద, కాళ్లు ముందు" అంటాం. మొదటి రెండ్రోజులు ఏడుస్తారు, తల ముందుకు పెట్టి దూకబోతారు. రోజుకి పది పన్నెండుసార్లు చేస్తే చాలామందికి వారం పది రోజుల్లో వస్తుంది. మంచం వచ్చాక సోఫా, తర్వాత మెట్లు.

ఇంకో సంగతి. వాడు దేనికోసం ఎక్కుతున్నాడో చూడండి. ఫోను ఛార్జింగ్ ఎక్కడ పెడతారు?

బుడ్డోడి అమ్మ, బుధవారం రాత్రి 10:15

టీవీ బల్ల మీద. రిమోట్లు కూడా అక్కడే. అయ్యో.

బుడ్డోడి అమ్మ, గురువారం సాయంత్రం 6:48

ఎవరైనా ఉన్నారా. డైనింగ్ కుర్చీ మీంచి వెనక్కి పడ్డాడు, తల నేలకి కొట్టుకుంది. వెంటనే గట్టిగా ఏడ్చాడు. వెనక నిమ్మకాయంత బొప్పి కట్టింది. మా అత్తయ్యగారు నిద్రపోనివ్వొద్దు అంటున్నారు, వాడు నిద్రకి తూగుతున్నాడు. చేతులు వణుకుతున్నాయి నాకు.

రాత్రి డ్యూటీ, గురువారం సాయంత్రం 6:55

ఇక్కడే ఉన్నా. వెంటనే ఏడ్చాడంటే అది మంచి సంగతే. గుడ్డలో ఐసు చుట్టి బొప్పి మీద కాసేపు పెట్టండి. రుద్దకండి, పసుపు, కాఫీపొడి ఏమీ వద్దు.

ఇవి చూడండి. స్పృహ తప్పాడా? రెండు మూడుసార్లు వాంతి అయిందా? ఫిట్స్? చెవిలోంచి, ముక్కులోంచి నీళ్లలా గానీ రక్తం గానీ వస్తోందా? ఒక కనుపాప పెద్దగా కనపడుతోందా? బొప్పి ముట్టుకుంటే నీళ్ల సంచీలా మెత్తగా ఉందా? ఎంత ఎత్తుకున్నా ఊరుకోకుండా ఏడుస్తున్నాడా, మిమ్మల్ని గుర్తుపట్టనట్టు ఉన్నాడా? ఒక్కటి ఉన్నా ఇక్కడ టైప్ చెయ్యకుండా ఆసుపత్రికి వెళ్లండి, 108కి ఫోన్ చెయ్యండి. రెండేళ్ల లోపు పిల్లలు మూడు అడుగుల కన్నా ఎక్కువ ఎత్తు నుంచి పడితే ఇవేమీ లేకపోయినా చూపించాలి.

ఇది వాడి మామూలు నిద్ర వేళేనా? అయితే పడుకోనివ్వండి. మధ్యలో ఒకటి రెండుసార్లు కదిపి చూడండి. విసుక్కుని అటు తిరిగి పడుకుంటే బాగున్నట్టు. లేపినా లేవకపోతే వెంటనే వెళ్లండి.

బుడ్డోడి అమ్మ, గురువారం సాయంత్రం 7:20

కుర్చీ సీటు ఒకటిన్నర అడుగు, వాడు దాని మీద నిలబడి ఉన్నాడు. మీరు చెప్పినవేవీ లేవు. మధ్యాహ్నం నిద్ర పోలేదు, అందుకే తూగుతున్నాడు. బొప్పి గట్టిగానే ఉంది. అయినా మనసు ఒప్పుకోవట్లేదు, మావారు రాగానే డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాం.

రాత్రి డ్యూటీ, గురువారం సాయంత్రం 7:22

వెళ్లండి. అమ్మ మనసు ఒప్పుకోకపోతే అది కూడా ఒక కారణమే, మేమెవరం నవ్వం.

బుడ్డోడి అమ్మ, శుక్రవారం ఉదయం 10:30

బాగున్నాడు. డాక్టర్ చూసి స్కాన్ అక్కర్లేదన్నారు, రెండ్రోజులు కనిపెట్టి ఉండమన్నారు. రాత్రి అత్తయ్యగారు ఉప్పు, మిరపకాయలతో దిష్టి తీశారు. పొద్దున లేచి మొట్టమొదట చేసిన పని అదే కుర్చీ ఎక్కడం.

అందరికీ థాంక్స్. నిన్న మీరు లేకపోతే నేనేమైపోయేదాన్నో.

ఒకటి అడగాలి. మా తోటికోడలు "వీడు హైపర్, ఏడీహెచ్‌డీ ఏమో చూపించండి" అంటోంది (నిలకడ, ఏకాగ్రత కుదరని సమస్యట). నిజమా?

వైజాగ్ ఫిజియో, శుక్రవారం మధ్యాహ్నం 2:10

ఒక్క ఎక్కడం చూసి ఎవరూ ఆ మాట అనలేరు. ఏడీహెచ్‌డీ నిర్ధారణ మామూలుగా నాలుగేళ్లు నిండాకే చేస్తారు. ఇప్పుడు చూడాల్సినవి వేరు: పేరు పిలిస్తే తిరుగుతున్నాడా, కావాల్సింది వేలితో చూపిస్తున్నాడా, మీ కళ్లలోకి చూస్తున్నాడా, కొన్ని మాటలైనా వచ్చాయా. ఇవి లేవని అనుమానం ఉంటే ఆలస్యం చెయ్యకుండా పిల్లల డాక్టర్‌కి చెప్పండి, 16 నుంచి 30 నెలల మధ్య ఆటిజం లక్షణాలున్నాయేమో చూడడానికి ఒక చిన్న ప్రశ్నావళి ఉంటుంది. ప్రభుత్వ జిల్లా ఆసుపత్రుల్లో పిల్లల ఎదుగుదలలో తేడాలని ముందే గుర్తించే డీఈఐసీ అనే కేంద్రాలున్నాయి, 2013లో మొదలైన పిల్లల ఆరోగ్య పథకం కిందివి. ఖర్చు లేకుండా చూస్తారు. మీ వాడు పైకెక్కి మిమ్మల్ని చూసి చప్పట్లు కొట్టాడని రాశారుగా. నేను చదివినంతలో నాకు ముచ్చటేసింది.

ఫ్రిస్కో నాన్న, శుక్రవారం రాత్రి 9:30

ఎక్కడానికి వాడికంటూ ఒకటి ఇస్తే మిగతావి కొంత వదిలేస్తాడు. ఇక్కడ పిక్లర్ ట్రయాంగిల్ అని చెక్కతో చేసిన త్రికోణం నిచ్చెన దొరుకుతుంది. ఎమ్మీ పిక్లర్ అని హంగరీ పిల్లల డాక్టర్ పేరు అది. ఆవిడ 1946 నుంచి బుడాపెస్ట్‌లో అనాథ పిల్లల కోసం ఒక ఇల్లు నడిపారు. ఆవిడ మాట ఒకటి నాకు బాగా నచ్చింది: పిల్లలు తమంతట తాము చేరుకోలేని భంగిమలో, చోటులో వాళ్లని మనం పెట్టకూడదు. అంటే మనం ఎత్తి పైన కూర్చోబెట్టకూడదు, వాళ్లకి చాతనైనంత వరకే ఎక్కనివ్వాలి. అప్పటి నుంచి పార్కులో పాపని జారుడుబల్ల మీదకి ఎత్తడం మానేశా.

కరీంనగర్ తమ్ముడు, శుక్రవారం రాత్రి 10:02

ఫొటో చూపిస్తే ఏ వడ్రంగి అయినా చేస్తాడన్నా. ఒకటే చూసుకోవాలె, కమ్మీల అంచులు గుండ్రంగా తీసి నున్నగా పాలిష్ పట్టాలె. మేకులు వద్దు, బోల్టులే. కింద పరుపు తప్పదు.

తెనాలి కోడలు, శుక్రవారం రాత్రి 10:20

వడ్రంగి దాకా ఎందుకండీ, మేం బియ్యం బస్తాలు వాడాం. పాతిక కిలోల బస్తాలు రెండు పడుకోబెట్టి, ఒకదాని మీద ఇంకొకటి సగం ఎక్కేలా పెడితే రెండు మెట్లు. అవతల పాత దూది పరుపు. పిల్లాడు కదపలేడు, పడినా తగలదు, అడుగేస్తే పాదం కొంచెం లోపలికి దిగుతుంది. అది వాడికి మహా ఇష్టం.

బుడ్డోడి అమ్మ, మూడు వారాల తర్వాత, ఆదివారం రాత్రి 11:05

చెప్పి వెళ్దామని వచ్చా. గడియ పెట్టించాం. ఓనర్ ఏమీ అనలేదు, పైగా తన డ్రిల్లింగ్ మిషనే ఇచ్చారు. ఇనప బీరువా కింద చూస్తే తమ్ముడు చెప్పినట్టు వెనక కాళ్ల కిందే చెక్కముక్కలు. ఆరేళ్లుగా అలాగే ఉంది. ఫోను, రిమోట్లు వాడి కంటికి ఆననివ్వట్లేదు. టీవీ బల్ల మీద మోజు సగం పోయింది. తిన్నాక డైనింగ్ కుర్చీలు టేబుల్ మీద బోర్లించేస్తున్నాం, టిఫిన్ సెంటర్ మూసేసినట్టు ఉంటుంది.

"బొజ్జ మీద, కాళ్లు ముందు" తొమ్మిదో రోజుకి వచ్చింది. ఇప్పుడు తలుపు దగ్గర గడప దాటాలన్నా బోర్లా పడుకుని వెనక్కి దిగుతున్నాడు. గడప అంగుళం ఎత్తు. "కాయ్యు ముందూ" అని వాడే అనుకుంటూ.

ఎక్కడం మాత్రం తగ్గలేదు. యాభైసార్లు దించేది ఇప్పుడు పదిసార్లు దించుతున్నా.

అమ్మమ్మ 62, సోమవారం ఉదయం 6:10

చల్లగా ఉండాలి తల్లీ. బియ్యం బస్తాలు పెట్టావా మరి?

బుడ్డోడి అమ్మ, సోమవారం ఉదయం 9:00

పెట్టామండీ, రోజంతా వాటి మీదే. ఒకటే గొడవ. వండుకునే బియ్యం అయిపోయాయి, ఆ బస్తా విప్పుదామని అత్తయ్యగారు, వద్దు ఇంకోటి కొందామని నేను. ఇలాగే ఉంచితే పురుగు పడుతుందంటున్నారు. పురుగు పట్టకుండా ఏం వెయ్యాలో చెప్పండి, వేపాకు వేస్తే వీడు తీసి నోట్లో పెట్టుకుంటున్నాడు.